చేపలను చదివిన హోరా

మేము చదువుకుంటున్న సాల్ట్ లేక్ ఒకప్పుడు పేరుకు తగ్గట్టే ఉప్పునీటి చిత్తడి నేల. 1960లలో హుగ్లీ నది ఒండ్రుతో పూడ్చి దీన్ని ఊరుగా మార్చారు. తూర్పున ఇప్పటికీ భేరీలనే చేపల చెరువులు ఉన్నాయి. బెంగాల్ మత్స్యశాఖ డైరెక్టరుగా 1940లలో సుందర్బన్స్ ఉప్పునీటి భేరీల అభివృద్ధికి సూచనలు రాసిన శాస్త్రవేత్త డాక్టర్ సుందర్ లాల్ హోరా.

హోరా గారు 1896 మే 22న నేటి పాకిస్తాన్‌లోని హఫీజాబాద్‌లో జన్మించారు. లాహోరులో జంతుశాస్త్రం చదివారు. 1919లో లాహోరు వచ్చిన నెల్సన్ అన్నండేల్ ఆయన ప్రతిభను గుర్తించి కలకత్తాకు ఆహ్వానించారు. అన్నండేల్ అప్పటి జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా డైరెక్టరు. 1921లోనే అక్కడి చేపల విభాగం బాధ్యత హోరా గారికి దక్కింది.

సీసాల్లో నిలవచేసిన చేపలకు పేర్లు పెట్టడంతో ఆయన ఆగలేదు. కొండవాగుల దగ్గరకే వెళ్లి, అంత వడిలో చేప ఎలా నిలుస్తుందో పరిశీలించారు. ఆ పరిశీలన విలువ తెలియాలంటే చేప ఎలా ఎదుగుతుందో ముందు తెలుసుకోవాలి.

మన గోదావరి వాళ్లు బొచ్చె అనీ, ఇక్కడి బెంగాలీలు కాత్లా అనీ పిలిచే చేపనే తీసుకుందాం. గుడ్డులో ఉండగానే పిండానికి కళ్లు, లోపలి చెవి రూపం దిద్దుకుంటాయి. చెవిలోని చిన్న రాళ్లు పైన ఏదో, కింద ఏదో తెలుపుతాయి. చెవి వెనుక నుండి కొన్ని కణాలు తోక వైపు సాగుతూ దారి పొడవునా చిన్న గుంపులను వదులుతాయి. నీటి కదలికను పసిగట్టే పార్శ్వ రేఖకు అదే మొదలు. గుడ్డు నుండి వచ్చిన పిల్ల మొదట పచ్చసొన మీదే బతుకుతుంది. అది అయిపోయేలోగా కళ్లు నల్లబడి చూపు రావాలి, లేకుంటే మేత దొరకదు. జెల్లలకైతే మీసాలు పెరిగి, వాటి మీదే రుచి తెలుస్తుంది.

చేపలన్నీ దాదాపు ఇలాగే మొదలవుతాయి. ఎదిగాక మాత్రం ఒక్కో నీటికి ఒక్కో రూపం. కొండవాగు చేపలకు పొట్ట చదునుగా, రెక్కలు పక్కలకు పరచినట్టుగా, కళ్లు తల పైభాగాన ఉంటాయి. రాతికి అతుక్కుని బతికే చేపకు చూడవలసినదంతా పైనే కదా! నీటి వడికి తగ్గట్టే ఈ శరీరాలు మారాయని హోరా గారు వివరించారు.

ఈశాన్య కొండల చేపల బంధువులు దూరాన ఉన్న పడమటి కనుమల్లోనూ కనిపించాయి. అవి సాత్పురా కొండల మీదుగా వెళ్లి ఉంటాయని ఆయన ప్రతిపాదించారు. తరువాతి శాస్త్రవేత్తలు దాన్ని ప్రశ్నించారు, కానీ ఆ చర్చకు దారి చూపింది ఆయనే.

1947లో జూలాజికల్ సర్వే పగ్గాలు చేపట్టిన హోరా గారు 1955 డిసెంబరు 8న కన్నుమూశారు. చేప కన్ను, చెవి, మీసం అన్నీ అది బతికే నీటి కోసమే తయారవుతాయి. ఆ నీరు పోతే అవి దేనికి పనికొస్తాయి? పూడ్చిన నీటి మీద నిలిచిన ఊళ్లో ఉంటున్న మేము, మిగిలిన భేరీలనైనా కాపాడుకోవాలని ఆయన జీవితం నుండి నేర్చుకున్నాం.