డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

పరీక్షలో ఒకమారు తప్పినంతనే తమ చదువు ముగిసినదని దిగులుచెందు విద్యార్థులు ఎందఱో గలరు. అట్టివారు తప్పక తెలిసికొనదగినది డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము.

వీరు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జగన్నాథము, వెంకమ్మ దంపతులకు జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలోను, మద్రాసు వైద్యకళాశాలలోను చదివిరి. గాంధీజీ పిలుపు నాలకించి ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి. అందుచే ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు, దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. సోదరు లిరువురు స్ప్రూ అను జీర్ణకోశవ్యాధిచే మరణించుట వీరి మనస్సును కలచివేసెను. వ్యాధులను జయించు మార్గమును వెదకదలచి, అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రిపూట సేవకవృత్తి చేసిరి.

అచ్చట సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలసి, భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని 1925లో ప్రకటించిరి. ఫాస్ఫేటు గల ద్రవమునకు ఆమ్లముతోకూడిన మాలిబ్డేటును, పిదప మఱియొక ద్రవ్యమును చేర్చిన నీలివర్ణము కలుగును. ఫాస్ఫేటు హెచ్చుకొలది నీలిరంగు చిక్కనగును. పరిమాణము తెలిసిన ద్రవపు రంగుతో దీనిని పోల్చిన లెక్క తేలును.

కండరములనుండి తీసిన ద్రవమును ఇట్లు పరీక్షింపగా ఒక వింత కనబడెను. రంగు రావలసిన వేళకు రాక, మెల్లమెల్లగా చిక్కబడుచుండెను. ఇది ప్రయోగలోపమని త్రోసిపుచ్చుట సులభమే. కాని వారట్లు చేయలేదు. ఫాస్ఫేటు ఏదో పదార్థముతో బంధింపబడియుండి, ఆమ్లములో విడివడినకొలది రంగు నిచ్చుచున్నదని గ్రహించిరి. అయిన ఆ పదార్థమేది? అది ఆమ్లము సోకిన చెడిపోవునది గనుక వేఱుచేయుట కష్టము. ఎంతయో ఓర్పుతో దానిని కాల్షియము లవణరూపమున వేఱుపఱచి విశ్లేషింపగా, అందు క్రియాటిను, ఫాస్ఫారికామ్లము సమానసంఖ్యగల అణువులుగా కలసియున్నట్లు తేలెను. ఇదియే ఫాస్ఫోక్రియాటిను. దీని ఉనికిని వారు 1927లో లోకమునకు తెలిపిరి. కండరము శ్రమించునపుడు ఇది తఱుగును. విశ్రమించునపుడు మరల పెరుగును. అంతవరకు పండితులు కండరములోని స్వేచ్ఛాఫాస్ఫేటుగా లెక్కించినదానిలో అధికభాగ మిదియే! 1929లో జీవకణములకు శక్తినొసగు ఏ.టి.పి.ని గూడ వీరు గుర్తించిరి. అదే యేట జర్మనీలో లోమాన్ అను శాస్త్రజ్ఞుడును దానిని కనుగొనెను.

1940లో సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. వీరి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది ఔషధమయ్యెను. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పెక్కు అంటువ్యాధులకు ఆరియోమైసిన్ అను మందులును ఆ పరిశోధనాలయమునుండియే వెలువడెను. మాతృదేశమును మరల చూడకయే, 1948 ఆగస్టులో తమ 53 యేండ్ల వయస్సున న్యూయార్కులో పరమపదించిరి.

బాలబాలికలారా! గుర్తెఱుగని లవణమును పరీక్షించునపుడు మీ గాజునాళికలో పుస్తకము చెప్పని రంగు కనబడవచ్చును. అపుడు పుస్తకములోని ఫలితమును వ్రాసి ఊరకుండకుడు. చూచినది చూచినట్లు వ్రాసి, కారణమును వెదకుడు. ఆలస్యముగా వచ్చిన ఒక నీలిరంగును నమ్మినందుననే సుబ్బారావుగారికి ప్రకృతి తన రహస్యమును తెలిపెను.