ఎడ్లబండిలో తిరిగిన బిషప్పు



ఆత్మీయ అధికారం అనే మాట ఈ మధ్య మన కూడికల్లో తరచుగా వినబడుతోంది. యూట్యూబ్‌లో ఆ పేరుతో ప్రసంగాలకు కొదవ లేదు. వాటిలో ఎక్కువ భాగం గద్దించడం గురించి, గట్టిగా ప్రకటించడం గురించి. వాటిని నేను తప్పు పట్టడం లేదు. ప్రభువు తన శిష్యులకు అధికారం ఇచ్చాడని లూకా సువార్త పదో అధ్యాయం చదివినవాళ్ళందరికీ తెలుసు. కానీ ఆదివారం చేతులెత్తి ప్రకటించిన ఆ అధికారం సోమవారం ఉదయం ఆఫీసు మీటింగ్‌లో ఏమవుతుంది? ఇంట్లో భార్యాభర్తలు క్రెడిట్ కార్డు బిల్లు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఎక్కడికి పోతుంది? దీనికి జవాబు ఒక ప్రసంగంలో కంటే ఒక మనిషి బతుకులో చూడటం తేలిక అనిపించి, మీకు దోర్నకల్ బిషప్ అజరయ్య గారి గురించి రాస్తున్నాను. ఆ పేరు మీలో చాలామంది చిన్నప్పుడు అమ్మమ్మల నోట విన్నదే. కానీ ఆయన ఏం చేశారని ఎవరైనా అడిగితే మన తరంలో చెప్పగలిగేవాళ్ళు తక్కువ.

ఆయన పూర్తి పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తమిళ దేశంలో, తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఆ ఊరి పాదిరి. కులం నాడార్. ఆ రోజుల్లో ఆ కులం వాళ్ళను గుడి మెట్ల దగ్గరే ఆపేసేవాళ్ళు. మిషన్ హాస్టల్‌లో చదివేటప్పుడే, క్రైస్తవ పిల్లల్లో కూడా కులాల వారీగా జట్లు ఉండటం చూసి, వాళ్ళను కలపడానికి తోటి విద్యార్థులతో ఒక సంఘం పెట్టారు. తర్వాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు గాని డిగ్రీ పట్టా చేతికి రాలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పేరు వెనక అక్షరాలు లేకపోతే మాట చెల్లదనుకునే లోకంలో మనం బతుకుతున్నాం. ఆయన ఇరవై ఒక్క ఏళ్ళకే వైఎంసీఏ కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరగడం మొదలుపెట్టారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆ ప్రాంతంలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు.

1902లో ఆయన సిలోన్‌లోని యాళ్పాణం, అంటే జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ మనుషులతో వేరే చోటికి సువార్త పంపుతున్నారు. ఆ సంగతి ఆయన్ని నిలవనివ్వలేదు. తిరునెల్వేలిలో అంతకంటే పెద్ద సంఘాలున్నాయి, కానీ సువార్త పంపడం తెల్లవాళ్ళ పని అన్నట్టుగా కూర్చున్నాయి. మరుసటి ఏడే, 1903లో, తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం పుట్టింది. డబ్బు ఇక్కడిదే, మనుషులు ఇక్కడివాళ్ళే, నడిపేదీ ఇక్కడివాళ్ళే. 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్‌లో, విలియం కేరీ పని చేసిన ఊళ్ళో, జాతీయ మిషనరీ సంఘం ఏర్పడినప్పుడు దాని వెనుకా ఆయన ఉన్నారు.

ఆ తిరునెల్వేలి సంఘం ఎంచుకున్న పొలం ఏదో తెలుసా? మన దోర్నకల్. అప్పట్లో నిజాం రాజ్యంలో ఒక చిన్న రైల్వే జంక్షన్. తమిళులు తెలుగు మాలమాదిగ పల్లెలకు మిషనరీలుగా వచ్చారు. అజరయ్య గారు ఇతరుల్ని పంపి ఊరుకోలేదు. 1909లో మంచి పదవిలో ఉన్న వైఎంసీఏ ఉద్యోగం వదిలి, అభిషేకం పొంది, కుటుంబంతో తానే వచ్చారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్ళు. ఆ వయసులో అక్షరాల నుంచి తెలుగు నేర్చుకున్నారు. మీలో ఎవరైనా ఆ వయసులో కొత్త భాష నేర్చుకోవడానికి ప్రయత్నించి ఉంటే ఆ కష్టం మీకు తెలుస్తుంది. కొత్త ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ వారంలో పట్టుకోవచ్చు, పల్లె ముసలమ్మ మాట పట్టుకోవడం అలా కాదు.

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రతినిధులు పన్నెండు వందల మందికి పైగా, అందులో ఆసియావాళ్ళు ఇరవై మంది కూడా లేరు. అక్కడ మాట్లాడటానికి అజరయ్య గారిని పిలిచారు. మిషనరీల త్యాగాన్ని పొగిడి దిగిపోతే అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళే. ఆయన పొగిడారు కూడా. తర్వాత అసలు విషయం ఎత్తారు. మీరు మాకు పాఠాలు చెబుతారు, జీతాలు ఇస్తారు, మా కోసం ప్రాణాలు కూడా ఇచ్చారు, కానీ మమ్మల్ని ఇంటికి పిలిచి మీ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోరు అన్నది ఆయన మాటల సారం. మాకు కావలసింది స్నేహితులు అని అడిగి ముగించారు. సభలో కొందరికి మంట పుట్టింది. అయినా ఆ మహాసభలో ఈ రోజుకీ గుర్తున్న ప్రసంగం ఏదంటే అదే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. అధికారంతో మాట్లాడటం అంటే నా దృష్టిలో ఇది. ఆయన గొంతు పెంచలేదు, ఎవరినీ శపించలేదు. తనకు జీవనాధారం ఇవ్వగలవాళ్ళ ముందు, తన దేశాన్ని ఏలుతున్న జాతి ముందు, నిజాన్ని ప్రేమతో చెప్పి కూర్చున్నారు. ఇంకో మాట. ఆయన ఆనాడు తెల్లవాళ్ళను అడిగిన ప్రశ్న ఈనాడు మన ఫెలోషిప్‌లకు కూడా తగులుతుంది. పాట్‌లక్‌లో అందరం కలిసి తింటాం, సరే. కానీ కొత్తగా వచ్చిన కుటుంబాన్ని మీదే ఊరు, ఇంటిపేరేమిటి అని ఎందుకు అడుగుతామో అడిగేవాళ్ళకూ తెలుసు, జవాబు చెప్పేవాళ్ళకూ తెలుసు. ఆ జవాబు విన్నాక ఎవరింటికి ఎవరు భోజనానికి పిలవబడతారో కూడా తెలుసు.

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ అజరయ్య గారిని బిషప్పుగా చేయాలని పట్టుబట్టారు. (కంప్యూటర్ సైన్సు చదివినవాళ్ళకు ఒక ముచ్చట: ఈ బిషప్పు గారు, బెర్ట్రండ్ రస్సెల్‌తో కలిసి ప్రిన్సిపియా మేథమేటికా రాసిన గణితవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు సొంత అన్న.) అంతా ఒప్పుకోలేదు. తెల్ల పాదిరి ఒక నల్లవాడి ముందు మోకరించడమా అని మిషనరీల్లో గొణుగుడు. మనవాళ్ళలోనూ కొందరు అడ్డుపడ్డారు, మనలో ఒకడు పైకి పోవడం చూడలేని జబ్బు కొత్తది కాదు గదా. చివరికి 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కేథడ్రల్‌లో ఆయన అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడైన మొదటి బిషప్పు ఆయనే. మొదట చిన్న ప్రాంతమే ఇచ్చారు. 1920ల తొలినాళ్ళకు కృష్ణా, గోదావరి ప్రాంతాల మిషన్లు, కర్నూలు నంద్యాల వైపు పల్లెలు కూడా ఆయన కిందికి వచ్చాయి. అంటే బ్రిటిష్ ఇండియాలో ఇంగ్లీషు మిషనరీలు ఒక భారతీయుడి మాట కింద పని చేశారు. స్వాతంత్ర్యానికి పాతికేళ్ళ ముందు సంగతి ఇది.

ఇంత పదవి వచ్చాక ఆయన బంగళాలో కూర్చున్నారా? ఎడ్లబండిలో, సైకిల్ మీద పల్లెలు తిరిగారు. చాలాసార్లు భార్య కూడా వెంట ఉండేది. ఆ రోజుల్లో మన పల్లెల్లో దొర అంటే ఇద్దరు: గడీలో ఉండే భూస్వామి దొర, మిషన్ బంగళాలో ఉండే తెల్లదొర. పేదవాడికి దేవుడి దగ్గరికి వెళ్ళాలన్నా ఒక దొర కావాలి. అజరయ్య గారు మూడో దొర కాదలచుకోలేదు.

ఆయన పల్లెకు వచ్చినప్పుడు చేసే పని ఒకటుంది. దీనికోసమే ఈ వ్యాసం రాయాలనిపించింది. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళను, పాతవాళ్ళను, మగవాళ్ళను ఆడవాళ్ళను, అందరినీ తమ చెయ్యి తమ నెత్తి మీదే పెట్టుకోమనేవారు. నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని, పౌలు కొరింథీయులకు రాసిన మాట అర్థం వచ్చేలా వాళ్ళచేత పలికించేవారు. ఎవరు వీళ్ళు? అక్షరం రానివాళ్ళు, వెట్టి చేసేవాళ్ళు, బావి దగ్గరికి రానివ్వబడనివాళ్ళు. బిషప్పు చెయ్యి వాళ్ళ తల మీద పెట్టడం మామూలు పద్ధతే. వాళ్ళ చెయ్యే వాళ్ళ తల మీద పెట్టించడం ఆయన పద్ధతి. అధికారం బిషప్పు దగ్గర ఆగిపోయేది కాదు, బాప్తిస్మంతో పాటే ప్రతివాడికీ వచ్చేసింది, వాడడమే మిగిలింది. మన భాషలో చెప్పాలంటే, అందరికీ యాక్సెస్ ముందే ఇచ్చేశారు. మనం మాత్రం ఇంకా అడ్మిన్‌కు రిక్వెస్టులు పెడుతూనే ఉన్నాం.

మరి వాళ్ళు దాన్ని ఎక్కడ వాడారు? అజరయ్య గారు పల్లెల్లో నాలుగు దయ్యాలున్నాయని చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. దయ్యాల మీద అధికారం గురించి మనం ఎంత విన్నా, అప్పును ఆ జాబితాలో చేర్చినవాళ్ళు అరుదు. ఆయన చేర్చడమే కాదు, దానికి తగిన పని చేశారు. షావుకారు గుప్పిట్లోంచి బయటపడటానికి పరపతి సహకార సంఘాలు, రోగానికి వైద్యశాలలు, పిల్లలకు బడులు. పల్లె ఉపదేశకుడు పగలు బడి నడిపేవాడు, కూలి నుంచి జనం తిరిగొచ్చాక రాత్రి దీపం వెలుగులో ప్రార్థన నడిపేవాడు. చదువురాని వాళ్ళకు వాక్యం పాటగా, కథగా అందేది. గుడిలో తెలుగు కీర్తన, తాళం, డప్పు ఉండాలని, ఊరేగింపులు పండుగలు మన పద్ధతిలోనే జరగాలని ఆయన కోరారు. పాదిరి కాబోయేవాళ్ళను చదివించేటప్పుడు భార్యలకు కూడా శిక్షణ ఇప్పించారు. ఇది ఈనాటి మన బైబిలు కాలేజీలకు కూడా పూర్తిగా అబ్బలేదు.

డబ్బు విషయంలో ఆయన మొహమాటపడలేదు. పేదవాళ్ళు గదా, వాళ్ళనేం అడుగుతాం అని వదిలేయడం వాళ్ళను తక్కువ చేయడమే అని ఆయన నమ్మకం. పల్లె సంఘాల్లో ఆడవాళ్ళు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేవాళ్ళు. ఆదివారం ఆ బియ్యం, కోడి, గుడ్లు, కాయగూరలు కానుకగా వచ్చేవి. మీ అమ్మమ్మ ఇంట్లో ఆ కుండ ఉండేదేమో అడిగి చూడండి. 1939లో ఆయన క్రైస్తవ ఇవ్వడం గురించి ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం కూడా రాశారు.

దీని ఫలితం ఆశ్చర్యకరమైన వైపు నుంచి వచ్చింది. మొదట సంఘంలోకి వచ్చింది మాలలు, మాదిగలు. 1920ల చివరి నుంచి శూద్ర కులాల రైతులు కూడా వందల సంఖ్యలో, తర్వాత వేల సంఖ్యలో రావడం మొదలైంది. ఎవరి ప్రసంగం విని? ఎక్కువగా ఎవరిదీ కాదు. తమ పొలంలో పనిచేసే కూలివాడు తాగడం మానేశాడు, దొంగతనం మానేశాడు, చచ్చిన గొడ్డు మాంసం మానేశాడు, అబద్ధం చెప్పడానికి ఒప్పుకోవడం లేదు, పిల్లల్ని బడికి పంపుతున్నాడు. తరతరాలుగా తాము తాకని మనిషి దగ్గర తమకు లేనిదేదో ఉందని ఆసాములు గమనించారు. అమెరికన్ మిషనరీ వాస్కమ్ పికెట్ 1933లో అచ్చువేసిన సామూహిక ఉద్యమాల అధ్యయనంలో దోర్నకల్ ప్రాంతం కూడా ఉంది. 1935 నాటికి ఆ డయాసిస్‌లో 250 మంది భారతీయ పాదిరులు, రెండు వేలకు పైగా పల్లె ఉపదేశకులు ఉన్నారు.

అంతా సాఫీగా జరిగిందని మీరు అనుకోవద్దు. మాలలకు మాదిగలకు మధ్య గీత సంఘంలోనూ ఉండేది. ఒక ఊళ్ళో ఒక కులం బాప్తిస్మం తీసుకుంటే రెండోది దూరంగా నిలబడేది. ఆయన జీవితాంతం దానితో పోరాడారు గాని అది చెరగలేదు. తమిళుడు వచ్చి మనమీద పెత్తనం చేస్తున్నాడని అనుకున్నవాళ్ళూ ఉన్నారు. మతమార్పిడుల విషయంలో గాంధీగారు ఆయన్ని బాహాటంగానే విమర్శించారు. ఆయన ఖద్దరును, స్వదేశీ భావాన్ని గౌరవించిన మనిషే. అయినా పేదవాడికి సువార్త వినే హక్కు, నమ్మే హక్కు ఉందన్న చోట వెనక్కి తగ్గలేదు.

అదే సమయంలో ఇంకో సంగతి జరిగింది. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. పదవులు, సీట్లు, ఓట్లు. మామూలు నాయకుడైతే ఎగిరి గంతేస్తాడు. అజరయ్య గారు వద్దన్నారు. సంఘం ఒక కులంలా, ఒక ఓటు బ్యాంకులా గిరిగీసుకుంటే దాని సాక్ష్యం పోతుందని ఆయన భయం. దీనిమీద అప్పుడూ భిన్నాభిప్రాయాలున్నాయి, ఇప్పుడూ ఉంటాయి. రాజకీయ రక్షణ లేకుండా మైనారిటీ ఎలా బతుకుతుందని అడిగేవాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. కానీ చేతికి అందిన లోకాధికారాన్ని, తనకున్న ఆత్మీయ అధికారం కోసం వదులుకున్న నాయకుణ్ణి మీరు మన కాలంలో ఎంతమందిని చూశారు? నేను వేళ్ళ మీద లెక్కపెట్టడానికి కూడా ఇబ్బంది పడుతున్నాను.

1919లో తరంగంబాడి అనే సముద్రతీరపు ఊళ్ళో, దక్షిణాదిలోని వేరు వేరు మిషన్ల సంఘాలు ఒకటి కావాలని కొందరు కూడి తీర్మానించారు. అజరయ్య గారు వాళ్ళ ముందు వరుసలో ఉన్నారు. మీరు ఆంగ్లికన్లు, మేము మెథడిస్టులం అని పల్లె మనిషికి చెప్పడం ఆయనకు సిగ్గుగా ఉండేది. ఆ చర్చలు పాతికేళ్ళకు పైగా సాగాయి.

దోర్నకల్‌లో ఎపిఫనీ కేథడ్రల్ కట్టడానికి కూడా ఏళ్ళు పట్టాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు, మీనార్లు చూస్తే మసీదు గుర్తొస్తుంది, స్తంభాలు చూస్తే దేవాలయం గుర్తొస్తుంది, లోపల సిలువ. ఆయన 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘం, మన సీఎస్ఐ, 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆయన చూడలేదు.

ఈసారి సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు వరంగల్ నుంచి ఖమ్మం వైపు రైలెక్కితే, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. దిగి చూడండి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. పల్లెల వైపు వెళ్ళే వీలుంటే, ఇంకా బతికున్న ముసలివాళ్ళను ఆ పిడికెడు బియ్యం కుండ గురించి, చెయ్యి నెత్తిన పెట్టుకుని చెప్పిన మాట గురించి అడగండి.