మోకాళ్ల ప్రార్థనే ఊపిరిగా.. బ్రదర్ భక్త్‌సింగ్ జీవనయానం

చందూర్: ఆదివారం ఉదయం తెలంగాణ పల్లెల్లోని అనేక ప్రార్థనా మందిరాల్లో ఒకే రకమైన దృశ్యం కనిపిస్తుంది. చెప్పులు గుమ్మం బయటే ఉంటాయి. లోపల కుర్చీలు, బల్లలు ఉండవు. చాపలపై ఒకవైపు పురుషులు, మరోవైపు ముసుగు వేసుకున్న స్త్రీలు కూర్చుంటారు. డోలక్, తాళాల నడుమ తెలుగు పాటలు సాగుతాయి. ప్రార్థన ముగిశాక అందరూ ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేస్తారు. ఈ పద్ధతిని తెలుగునాట ఊరూరా వ్యాపింపజేసిన వారిలో అగ్రగణ్యుడు తెలుగువాడు కాదు. ఆయన పంజాబ్‌లోని సిక్కు కుటుంబంలో పుట్టి, హైదరాబాద్‌ను తన కర్మభూమిగా చేసుకుని, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయిన బ్రదర్ భక్త్‌సింగ్.

నిజామాబాద్ ప్రాంతానికి క్రైస్తవం తొలుత విదేశీ మిషనరీల ద్వారా, వైద్యం, విద్య రూపాల్లో చేరింది. డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రిని నెలకొల్పిన స్కాట్లాండ్ వైద్యురాలు డాక్టర్ ఇసబెల్ కెర్ సేవలు జిల్లా ప్రజలకు సుపరిచితమే. పొరుగున మెదక్‌లో 1924లో మహాదేవాలయం వెలసింది. ఆ తరం సేవలు ఎంత గొప్పవైనా, ప్రార్థన నడిపించే బాధ్యత మాత్రం ఎక్కువగా గురువులదే. సామాన్యుడు తానే గొంతెత్తి ప్రార్థించగలడని, ఆ ప్రార్థనతో మనిషీ, అతని చుట్టూ ఉన్న సమాజమూ కలిసి మారగలవని చాటిన వ్యక్తిగా భక్త్‌సింగ్‌ను చెప్పుకోవాలి.

బైబిల్ చించిన బాలుడు

భక్త్‌సింగ్ 1903 జూన్ 6న అవిభక్త పంజాబ్‌లోని జోయా గ్రామంలో జన్మించారు. ఆ గ్రామం నేడు పాకిస్థాన్‌లో ఉంది. తండ్రి జవాహర్‌మల్ పత్తి వ్యాపారి. తల్లి లక్ష్మీబాయి. కలిగిన కుటుంబం కావడంతో ఏ లోటూ లేకుండా పెరిగారు. మిషన్ పాఠశాలలో చదివినప్పటికీ ఆ మతం పట్ల ఆయనకు తీవ్రమైన ద్వేషం ఉండేది. బహుమతిగా లభించిన బైబిల్‌ను ముక్కలుగా చించివేసి, అందమైన అట్టను మాత్రం దాచుకున్నారు. గురుద్వారాకు నిష్ఠగా వెళ్లేవారు. లాహోర్‌లో పట్టభద్రుడైన పిదప ఇంజినీరింగ్ చదువుకు ఇంగ్లండ్ వెళ్తానని పట్టుబట్టారు. మతం మారనని తల్లికి మాట ఇచ్చి, 1926లో ఓడ ఎక్కారు.

లండన్‌లో ఆయన జీవనశైలి పూర్తిగా మారింది. తలవెంట్రుకలు, గడ్డం తీసివేయించారు. పొగ, మద్యం అలవాటయ్యాయి. దేవుడన్న తలంపే మెల్లగా దూరమైంది. ఖరీదైన దుస్తులు, దేశదేశాల పర్యటనలు, గొప్పవారి స్నేహాలు అన్నీ సమకూరాయి. అయినా మనసుకు శాంతి లేదని ఆయన తరువాతి కాలంలో తన సాక్ష్యంలో పలుమార్లు చెప్పుకున్నారు.

ఓడలో తొలి ప్రార్థన

1928 ఆగస్టులో తోటి విద్యార్థులతో కలిసి కెనడా ప్రయాణమయ్యారు. ఓడలోని మొదటి తరగతి భోజనశాలలో క్రైస్తవ ఆరాధన జరుగుతుంటే, మర్యాద కోసం వెళ్లి కూర్చున్నారు. ప్రార్థన వేళ అందరూ మోకరించారు. భక్త్‌సింగ్‌కు మోకాలు వంగలేదు. తన దేశం గొప్పది, తన మతం గొప్పది, తాను చదువుకున్నవాడు, వీరి ముందు ఎందుకు వంగాలన్న అహం అడ్డుపడింది. లేచి బయటకు పోదామంటే ఇరువైపులా మనుషులు మోకాళ్లపై ఉన్నారు. వారిని కదిలించడం అమర్యాద. కొంతసేపు తనలో తాను పెనుగులాడి, చివరకు ఆ గర్వాన్ని పక్కనపెట్టి మోకరించారు. ఆ క్షణంలో తన శరీరం వణికిందని, చెప్పలేని ఆనందం లోపల నిండిందని ఆయన చెప్పేవారు.

ఆ రోజు ఆయన దేవుణ్ణి అడిగినది ఏదీ లేదు. మోకాలు వంచారు, అంతే. ఆయన జీవితమంతా బోధించిన ప్రార్థనకు బీజం ఇక్కడే పడింది. కోరికల చిట్టా విప్పడానికి ముందు మనిషి తనలోని గర్వాన్ని దించుకోవాలన్నదే ఆ బోధ సారాంశం.

మార్పు ఒక్కరోజులో పూర్తి కాలేదు. ఏడాదికి పైగా గడిచాక, 1929 డిసెంబరులో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో ఒక మిత్రుణ్ణి బైబిల్ అడిగి తీసుకున్నారు. ఒకప్పుడు చించివేసిన గ్రంథాన్నే రాత్రింబవళ్లు చదివారు. యోహాను సువార్త మూడో అధ్యాయం చదువుతుండగా తన పాపాలన్నీ కళ్ల ముందు నిలిచాయని, వెక్కివెక్కి ఏడ్చి క్షమాపణ వేడుకున్నానని, ఆ తరువాతే శాంతి లభించిందని సాక్ష్యమిచ్చారు. విన్నిపెగ్‌లో హేవర్డ్ దంపతులు ఆయనను తమ ఇంట ఆదరించారు. 1932 ఫిబ్రవరి 4న వాంకూవర్‌లో బాప్తిస్మం పొందారు. ఇంజినీరు ఉద్యోగం, ధనార్జన ఆశ వదులుకుని సువార్తకే అంకితం కావాలని నిశ్చయించుకున్నారు.

బొంబాయి వీధిలో ఒంటరిగా

1933 ఏప్రిల్‌లో స్వదేశానికి తిరిగివచ్చారు. ఏడేళ్ల తరువాత వస్తున్న కుమారుణ్ణి చూసేందుకు తల్లిదండ్రులు బొంబాయి చేరుకున్నారు. ఆయన విశ్వాసం సంగతి ఉత్తరాల ద్వారా వారికి అప్పటికే తెలుసు. కుటుంబ గౌరవం నిలిచేందుకు ఆ విషయాన్ని గుట్టుగా ఉంచమని మాత్రమే తండ్రి కోరారు. ఇంట్లో నచ్చినట్లు ప్రార్థించుకోవచ్చు, బయట చెప్పవద్దన్నారు. భక్త్‌సింగ్ అందుకు సమ్మతించలేదు. ఊపిరిని దాచుకుని బతకడం ఎలా సాధ్యం కాదో, విశ్వాసాన్ని దాచుకుని బతకడమూ అలాగే సాధ్యం కాదన్నది ఆయన భావన. తల్లిదండ్రులు ఆయనను అక్కడే విడిచి వెళ్లిపోయారు.

తల్లికి ఇచ్చిన మాట తప్పిన కొడుకుగా ఆ కుటుంబం ఎంత వేదన చెందిందో ఊహించవచ్చు. ఇటు ఆయనకూ ఇల్లు లేదు, ఆస్తి లేదు. ఏ మిషన్ సంస్థలోనూ జీతానికి చేరలేదు. కరపత్రాలు చేతబట్టి బొంబాయి, కరాచీ నగరాల వీధుల్లో సువార్త చెప్పసాగారు. పారిశుద్ధ్య కార్మికుల వాడలకు, పేదల బస్తీలకు వెళ్లారు. తన అవసరాలను మనుషులకు చెప్పకూడదు, దేవునికే ప్రార్థనలో విన్నవించాలన్న నియమాన్ని అప్పుడే స్థిరపరచుకున్నారు. ఆ నియమాన్ని చివరివరకూ పాటించారు.

కొండపై రాత్రి జాగరణ

1937లో పంజాబ్‌లోని మార్టిన్‌పూర్ క్రైస్తవ గ్రామంలో ఆయన కూటములు ప్రజల్లో గొప్ప కదలిక తెచ్చాయి. తరతరాలుగా పేరుకే క్రైస్తవులుగా ఉన్నవారు తమ జీవితాలను సరిదిద్దుకోవడానికి ముందుకు వచ్చారు. అక్కడి నుంచి ఆయన పేరు దేశమంతటా వ్యాపించింది. మద్రాసులో ఆయన బోధ వినేందుకు వేలాది మంది తరలివచ్చారు.

అయితే కూటములు ముగిశాక ఆ ఉత్సాహం నిలవడం లేదన్న చింత ఆయనను వెంటాడింది. కొత్తగా మేల్కొన్నవారికి తోడు నిలిచే సమాజం ఏదన్నది ఆనాటి ప్రశ్న. 1941లో కొద్దిమంది సహచరులతో మద్రాసు శివారులోని పల్లావరం కొండపైకి వెళ్లి రాత్రంతా ప్రార్థనలో గడిపారు. ఆ ప్రార్థన ఫలితంగానే అదే ఏడాది జూలైలో మద్రాసులో యెహోవా షమ్మా సంఘం ఆరంభమైంది. బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన అనే నాలుగు అంశాలపై ఆ సంఘాన్ని నిలిపారు. ఇవి అపొస్తలుల కార్యముల గ్రంథంలోని ఆదిమ సంఘం ఆచరించినవే. అదే సంవత్సరాంతంలో పరిశుద్ధ సమాజ కూటములు మొదలయ్యాయి.

హెబ్రోనులో సమపంక్తి

1950 దశకం నుంచి ఆయన సేవకు హైదరాబాద్ ముఖ్య కేంద్రమైంది. ముషీరాబాద్ సమీపంలోని గోల్కొండ చౌరస్తాలో ఉన్న హెబ్రోను ప్రాంగణం తెలుగు విశ్వాసులకు చిరపరిచితమైంది. ఏటా జరిగే కూటములకు తెలంగాణ, కోస్తా, రాయలసీమల నుంచే కాక ఇతర రాష్ట్రాల నుంచీ జనం మూటాముల్లె సర్దుకుని వచ్చేవారు. పందిళ్ల కింద బస, తెల్లవారుజామునే ప్రార్థన, పగలంతా వాక్యధ్యానం, సాయంత్రం పాటలతో వీధుల్లో ఊరేగింపు జరిగేవి. రోజుల తరబడి వేలమందికి భోజనం పెట్టినా, అందుకోసం చందాలు అడిగే ఆనవాయితీ లేదు.

ఆ కూటముల విశిష్టత అంతా పంక్తి భోజనంలో ఉంది. ఊళ్లో ఒకరి ఇంటి గడప మరొకరు తొక్కని కాలమది. క్రైస్తవం స్వీకరించిన వారిలోనూ మాల, మాదిగ భేదాలు, అగ్రవర్ణాల నుంచి వచ్చినవారి పట్టింపులు కొనసాగుతూనే ఉండేవి. హెబ్రోనులో వైద్యుడు, కూలీ, అధికారి, పాలేరు ఒకే చాపపై కూర్చుని ప్రేమ విందులో పాల్గొన్నారు. దేవుని ఎదుట కలిసి మోకరించినవారు అన్నం దగ్గర వేరుగా కూర్చుంటే ఆ ప్రార్థనకు అర్థం లేదన్నది ఈ ఆచారంలోని అంతరార్థం. చట్టాలు, ఉపన్యాసాలు సాధించలేని పనిని ఒక పూట భోజనం కొంతవరకైనా సాధించింది.

ఆరాధనలోనూ ఇదే సమత్వం పాటించారు. ప్రార్థన గురువు ఒక్కరికే పరిమితం కాలేదు. అక్షరం రాని విశ్వాసి సైతం లేచి తన మాటల్లో దేవుణ్ణి స్తుతించవచ్చు. భక్త్‌సింగ్ తాను గురువుగా అభిషేకం పొందలేదు, బిరుదులు కోరలేదు. అందరికీ బ్రదర్‌గానే మిగిలిపోయారు. తెల్లని కుర్తా, పైజామా ధరించి, బైబిల్‌ను మోకాళ్లపై ఉండి చదివేవారు. చిన్న నిర్ణయానికైనా గంటల తరబడి ప్రార్థించనిదే ముందడుగు వేసేవారు కాదు. సీయోను గీతాల ద్వారా సామాన్యుల భాషలో భక్తి పాటలు ఇంటింటికీ చేరాయి.

చివరి ప్రయాణం

వృద్ధాప్యంలో పార్కిన్సన్స్ వ్యాధి ఆయనను మంచానికి పరిమితం చేసింది. వేలమంది ఎదుట గంటల కొద్దీ ప్రసంగించిన గొంతు మూగబోయింది. ఆయన క్రియాశీలంగా లేని ఆ కాలంలో సంఘాల మధ్య విభేదాలు పొడచూపడం విశ్వాసులను బాధించింది. ఒక తరం మోకాళ్లపై సాధించుకున్న ఐక్యత తరువాతి తరానికి ఆస్తిలా సంక్రమించదని ఆ అనుభవం తెలియజెప్పింది.

2000 సెప్టెంబరు 17న హైదరాబాద్‌లో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 97 ఏళ్లు. సెప్టెంబరు 22న జరిగిన అంతిమయాత్రకు పల్లెల నుంచి జనం వెల్లువలా తరలివచ్చారు. పాటలు పాడుతూ సాగిన ఆ యాత్ర నారాయణగూడ శ్మశానవాటికలో ముగిసింది. పంజాబ్‌లో పుట్టిన ఆ బిడ్డను తెలుగు ప్రజలు తమ సొంత మనిషిగా సాగనంపారు.

ఆయన పోయి పాతికేళ్లు దాటింది. నేడు పల్లెల్లో మందిరాలు పెరిగాయి, మైకులు వచ్చాయి, చాపల స్థానంలో కుర్చీలు చేరుతున్నాయి. వీటిలో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. అయితే ఓడలో ఒక గర్విష్ఠి యువకుడు వంచిన మోకాలు, హెబ్రోనులో పరచిన ఒకే చాప ఈ తరానికీ రెండు ప్రశ్నలు మిగిల్చాయి. ప్రార్థించిన మనిషిలో గర్వం తగ్గిందా? ప్రార్థించిన ఊరిలో పంక్తి ఒక్కటైందా? వీటికి ప్రతి తరమూ, ప్రతి ఊరూ తమకు తామే సమాధానం చెప్పుకోవలసి ఉంది.