ప్రేమకు అర్థం చెప్పిన విద్యాసుందరి - బెంగుళూరు నాగరత్నమ్మ

మన ఆలంకారికులు శృంగారాన్ని రసాలకు రాజుగా నిలిపారు. మన భక్తకవులు భగవంతుని ప్రియునిగా భావించి పదాలు పాడారు. అయినా లోకం ఈ రెంటినీ విడదీసి చూస్తుంది. శృంగారం లౌకికమని, భక్తి పారమార్థికమని, మొదటిది దాచవలసినదని, రెండవది చాటవలసినదని అనుకుంటుంది. ఈ రెండూ ఒకే ప్రేమకు రెండు ముఖాలని తన జీవితంతో నిరూపించిన విదుషీమణి బెంగుళూరు నాగరత్నమ్మ. కన్నడ సీమలో పుట్టి, తెలుగు కావ్యం కోసం పోరాడి, తమిళ దేశంలో ఒక తెలుగు వాగ్గేయకారుని పాదాల చెంత విశ్రమించిన ఈమె చరిత్ర, ఇంట ఒక భాష, వీధిలో మరొక భాషగా బ్రతికే సరిహద్దు కుటుంబాల వారికి ఎంతో ఆత్మీయమైనది.

నాగరత్నమ్మ 1878 నవంబరు 3న మైసూరుకు సమీపంలోని నంజనగూడులో జన్మించారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కులంలో పుట్టినది. తండ్రి సుబ్బారావు న్యాయవాది. ఆయన ఆదరణ ఎంతోకాలం నిలువలేదు. ఒంటరిగా మిగిలిన తల్లి తన బిడ్డకు విద్యయే ఆస్తి కావాలని తలచింది. మైసూరులో గిరిభట్ట తిమ్మయ్య శాస్త్రి వద్ద బాలికకు సంస్కృతం నేర్పించింది. కొంతకాలానికి గురువు విముఖుడైనా తల్లి పట్టుదల సడలలేదు. సంస్కృతాంధ్ర కర్ణాటక భాషలూ, సంగీతమూ, నాట్యమూ క్రమంగా ఆ బాలికకు స్వాధీనమయ్యాయి. నాగరత్నమ్మ యౌవనంలో అడుగుపెట్టే వేళకే తల్లి మరణించింది. తండ్రి ప్రేమను ఎరుగని బిడ్డకు తల్లి ప్రేమ విద్యారూపంలోనే మిగిలింది.

తరువాత ఆమె బెంగుళూరులో గాయనిగా పేరు పొందారు. మైసూరు ఉన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తిగా ఉన్న నరహరిరావు ఆమె విద్యను గుర్తించి ఆదరించారు. అనంతరం ఆమె మద్రాసు చేరారు. ఆనాడు దక్షిణదేశంలో సంగీత విద్వాంసులకు మద్రాసు పెద్ద కేంద్రం. అక్కడ కచేరీలు చేసి, హరికథలు చెప్పి కీర్తినీ ధనాన్నీ సంపాదించారు. విద్యాసుందరి అనే బిరుదు ఆమె పేరులో భాగమయింది.

మద్రాసులో ఉండగానే ఆమె దృష్టి ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనము మీద నిలిచింది. ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దంలో తంజావూరు నేలిన మరాఠా ప్రభువు ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి. ఆమె కూడా వేశ్యాకులంలోనే పుట్టింది. నాలుగు ఆశ్వాసాల ఈ కావ్యంలో 584 పద్యాలున్నాయి. రాధ తాను పెంచిన ఇళను యుక్తవయస్సు రాగానే శ్రీకృష్ణునకు తానే ఇచ్చి వివాహం జరిపిస్తుంది. తన చేతులతో ఇచ్చిన పిదప విరహంతోనూ అసూయతోనూ కుములిపోతుంది. అలిగిన రాధను కృష్ణుడు అనునయించి శాంతింపజేయడమే కథాంశం. ఇవ్వడం ఎంత గొప్పదో, ఇచ్చిన తరువాత ఓర్చుకొనడం ఎంత కష్టమో ఈ కావ్యం చూపుతుంది. ఆ బాధ స్త్రీ పక్షం నుండి స్త్రీయే చెప్పడం దీనిలోని విశేషం.

ఈ గ్రంథం 1887లో ఒకసారి అచ్చయింది. కాని ఆ ముద్రణలో కొన్ని పద్యాలు లోపించాయి. ముద్దుపళని తన వంశాన్ని చెప్పుకొన్న భాగం కూడా అందులో లేదు. నాగరత్నమ్మ ప్రాచీన ప్రతిని సంపాదించి, ముద్రిత ప్రతితో పోల్చి చూసి, కవయిత్రి పేరుప్రతిష్ఠలకు జరిగిన లోటును గ్రహించారు. మరొక చిక్కు కూడా ఉంది. వితంతు వివాహాల కోసం జీవితమంతా శ్రమించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ కవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యాన్ని అంగీకరించారు. అయితే ఆమె శృంగార వర్ణనలు స్త్రీలు వినదగనివని, స్త్రీ నోట రాదగనివని ఆక్షేపించారు. నాగరత్నమ్మ 1910లో వావిళ్ళ రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారి ద్వారా సమగ్ర ప్రతిని వెలువరించి, దాని పీఠికలో ఈ ఆక్షేపణకు సమాధానం చెప్పారు. పురుషులు రచించిన కావ్యాలలో ఇంతకు మించిన శృంగారం ఉన్నా పండితులు సహిస్తున్నారని గుర్తుచేసి, సిగ్గు స్త్రీలకు మాత్రమే సహజమా అని నిలదీశారు.

తరువాతి సంవత్సరమే చిక్కులు మొదలయ్యాయి. గ్రంథం అశ్లీలమని ఫిర్యాదులు వెళ్ళాయి. 1911లో పోలీసులు ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. ప్రభుత్వం నిషేధం విధించింది. పండితులు అనేకులు వావిళ్ళ వారి పక్షాన అర్జీలు పెట్టుకున్నా ఫలితం లేకపోయింది. మూడు దశాబ్దాలకు పైగా ఆ కావ్యం చెరలోనే ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన కాలంలో ఆ నిషేధం తొలగింది.

ఒక కావ్యాన్ని ప్రేమించినందుకు నిందలు పొందిన నాగరత్నమ్మ జీవితం 1921లో మరొక మలుపు తిరిగింది. తంజావూరుకు సమీపాన కావేరీ తీరంలోని తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి శిథిలమై ఉన్నదని మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప ఆమెకు తెలియజేశారు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. దేశమంతటా ఆయన కృతులు పాడి జీవించే గాయకులున్నారు గాని, ఆయన విశ్రమించిన చోట దీపం పెట్టే దిక్కు సరిగా లేదు. ఈ స్థితి ఆమె హృదయాన్ని కలచివేసింది. తనకు అన్నం పెట్టిన విద్య ఆ మహానుభావుని భిక్ష అని ఆమె భావించారు. స్థలం సంపాదించి, తన నగలు, సొత్తు వెచ్చించి సమాధిపై ఆలయం నిర్మింపజేశారు. 1925 జనవరి 7న దానికి కుంభాభిషేకం జరిగింది. స్వామి నామాలను అష్టోత్తర శతనామావళిగా సంస్కృతంలో కూర్చారు.

శృంగార కావ్యాన్ని ప్రకటించిన స్త్రీయే భక్తుని సమాధికి గుడి కట్టించడం కొందరికి విచిత్రంగా తోచవచ్చు. కాని త్యాగరాజస్వామియే తన నౌకాచరిత్రములో గోపికల ప్రేమను, వారి గర్వాన్ని, చివరకు కృష్ణునిపై సర్వం వదలుకొన్న వారి శరణాగతిని కథగా చెప్పారు. ముద్దుపళని రాధ, త్యాగయ్య గోపికలు పరాయివారు కారు. ఒక చోట ప్రియుని కోసం వేదన, మరొక చోట దైవం కోసం వేదన. రెండు చోట్లా అహంకారం కరిగిన తరువాతనే ప్రేమ పండుతుంది. నాగరత్నమ్మకు ఈ సత్యం గ్రంథాల వల్లనే గాక అనుభవం వల్ల కూడా తెలిసింది.

ఆ అనుభవం చేదుగానే ఉంది. తిరువయ్యారు ఆరాధనోత్సవాలు అప్పటికి రెండు పక్షాల వారి చేతులలో ఉండేవి. ఆ రెండు పక్షాల వారూ స్త్రీలను పాడనిచ్చేవారు కారు. గుడి కట్టించిన ఆమెకే ఆ గుడి ముందు పాడే హక్కు లేకపోయింది. మరొకరైతే తాము ఖర్చు పెట్టిన ధనాన్ని లెక్క చెప్పి తగవులాడేవారు, లేదా అలిగి వెళ్ళిపోయేవారు. ఆమె ఆ రెండూ చేయలేదు. గాయనీమణులను కూడగట్టి, స్త్రీల పక్షాన వేరుగా ఆరాధన జరిపించారు. సమాధి వెనుక భాగంలో స్త్రీలు పాడేవారు. ఏటేటా ఆ గాయనుల సంఖ్య పెరిగింది. చివరకు 1940 ప్రాంతంలో పక్షాలన్నీ ఏకమై, స్త్రీలకు కూడా ఆరాధనలో స్థానం లభించింది.

మద్రాసు వైభవాన్ని వదలి ఆమె తిరువయ్యారులోనే స్థిరపడ్డారు. మిగిలిన ఆస్తిని స్వామి సేవకే వ్రాసి ఇచ్చారు. దేవదాసీలతో సహా స్త్రీలందరికీ అక్కడ అర్చించే హక్కు ఉండాలన్నది ఆమె కోరిక. 1952 మే 19న ఆమె కన్నుమూశారు. త్యాగరాజస్వామి సన్నిధిలోనే ఆమెకు సమాధి కట్టారు. చేతులు జోడించి స్వామి వైపు చూస్తున్న ఆమె విగ్రహం అక్కడ ఉంది. నిషేధం తొలగిన రాధికా సాంత్వనమును వావిళ్ళ వారు మరల అచ్చువేసినదీ 1952లోనే.

సాహిత్యంలో ప్రేమను మెచ్చుకొని జీవితంలో దానిని చిన్నచూపు చూడడం లోకరీతి. నాగరత్నమ్మ కావ్యంలోని ప్రేమను దాచలేదు, జీవితంలోని ప్రేమకు ప్రతిఫలం అడగలేదు. తనను వెలుపల నిలబెట్టిన గుడికే తన సర్వస్వం ధారపోశారు. తల్లి ఆమెకు విద్యను ఇచ్చింది, ఆ విద్యను ఆమె స్వామికి సమర్పించారు, స్వామి సన్నిధిని తరువాతి తరాల గాయనులకు మిగిల్చారు. తీసుకొన్నదానిని మరొకరికి అందించడమే ప్రేమ అని ఆమె జీవితం బోధిస్తుంది. తంజావూరు యాత్రకు వెళ్ళే సరిహద్దు గ్రామాల కుటుంబాల వారు కావేరీ గట్టున త్యాగయ్యకు నమస్కరించినప్పుడు, ఆయన వైపు చేతులు జోడించిన ఆ తల్లిని కూడా ఒక్క నిమిషం తలచుకోవాలి. ఆమె మాట్లాడిన కన్నడమూ, ఆరాధించిన తెలుగూ, ఆశ్రయమిచ్చిన తమిళమూ మనవే.