ఉమ్మె అబ్దుల్లా

అరబ్బుల్లో స్త్రీని ఆమె బిడ్డ పేరుతో, ఫలానావారి తల్లి అని పిలవడం గౌరవం. ఆ పేరును కునియత్ అంటారు. తోటి స్త్రీలందరికీ కునియత్ ఉంది, తనకే లేదని హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి దైవప్రవక్త (స)తో చెప్పుకున్నారు. ఆమెకు సంతానం కలగలేదు. అక్క అస్మా (రజి) కుమారుడు అబ్దుల్లా పేరుతో కునియత్ పెట్టుకోమన్నారు ప్రవక్త (స). అలా ఆమె ఉమ్మె అబ్దుల్లా అయ్యారు. ఓపిక పట్టమని చెప్పి ఊరుకోలేదు, నలుగురూ పిలిచే పేరునిచ్చారు. పిల్లల్లేని కోడలిని సూటిపోటి మాటలనే ఇళ్లు, లోపం భర్తలోనూ ఉండవచ్చని డాక్టర్లు చెబుతున్నా ఆమెనొక్కదాన్నే పరీక్షలకు పంపే ఇళ్లు ఈ సంఘటన దగ్గర కాస్త ఆగాలి.

ఆమెకు బాధ లేదని కాదు. 619లో మరణించిన హజ్రత్ ఖదీజా (రజి)ను ప్రవక్త (స) తరచూ తలచుకునేవారు. ఆమె ద్వారా తనకు సంతానం కలిగిందని కూడా అనేవారు. తాను చూడనైనా చూడని ఖదీజా మీద కలిగినంత అసూయ ప్రవక్త సతీమణుల్లో మరెవరి మీదా కలగలేదని ఆయిషా (రజి) దాపరికం లేకుండా చెప్పారు. ఆ సంగతి మనదాకా వచ్చింది ఆమె నోటి నుంచే.

632లో ప్రవక్త (స) మరణించాక ఆమె మరో 46 ఏళ్లు జీవించారు. 658లో సోదరుడు ముహమ్మద్ బిన్ అబూబక్ర్ ఈజిప్టులో హతుడయ్యాడు. తండ్రిలేని అతని పిల్లలను ఆమె తన ఇంట పెంచారు. అన్నం పెట్టి సరిపుచ్చలేదు. తన పోషణలోని అనాథల సొమ్ము నుంచి ఏటా జకాత్ తీసేవారు. ఆ సొమ్ము కరిగిపోకుండా వారి తరఫున వ్యాపారం చేసేవారికి అప్పగించేవారు. ఆ పిల్లల్లో ఒకరైన ఖాసిం, అక్క కొడుకు ఉర్వా మదీనాలోని ఏడుగురు ప్రముఖ ధర్మశాస్త్రవేత్తల్లో లెక్కకు వచ్చారు. ఆమె నీడలో పెరిగిన అమ్రా అనే అమ్మాయి గొప్ప విదుషీమణి అయింది. ఆమె చెప్పిన హదీసులను రాయించమని తర్వాతి కాలంలో ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ ఆదేశించారు. ఆయిషా (రజి) స్వయంగా ఉల్లేఖించిన హదీసులు 2210.

హిజ్రీ 58 రమజాన్ నెలలో, అంటే 678లో ఆమె కన్నుమూశారు. హజ్రత్ అబూ హురైరా (రజి) జనాజా నమాజు చేయించారు. రాత్రివేళ జన్నతుల్ బఖీలో ఆమెను సమాధిలోకి దించినవారిలో అబ్దుల్లా, ఉర్వా, ఖాసిం ఉన్నారు.