శాసనసభ్యుడుగా వావిలాల గోపాలకృష్ణయ్య : సాగునీరు, అధికార భాష

శాసనసభల చరిత్రను రచించేటప్పుడు ముఖ్యమంత్రులకు, మంత్రివర్గాలకు, అవిశ్వాస తీర్మానాలకు ప్రధాన స్థానం లభించడం సహజం. మంత్రి పదవిని చేపట్టక, సుమారు ఇరవై సంవత్సరాలు సామాన్య సభ్యుడుగానే ఉండి, ప్రశ్నలడుగుతూ, సవరణలు ప్రతిపాదిస్తూ, పద్దులపై చర్చించిన సభ్యునికి ఆ చరిత్రలో దక్కే చోటు స్వల్పం. అట్టి సభ్యులలో అగ్రగణ్యులు శ్రీ వావిలాల గోపాలకృష్ణయ్యగారు (1906–2003). సభలో ఆమోదం పొందిన నిర్ణయం సామాన్య ప్రజల గడప వరకు చేరిందా లేదా అని విచారించడమే శాసనసభ్యుని ముఖ్య ధర్మమని వారి జీవితం నిరూపిస్తున్నది. సాగునీరు, అధికార భాష అనే రెండు విషయాల ఆధారంగా ఈ ధర్మాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

గోపాలకృష్ణయ్యగారు 1906 సెప్టెంబరు 17వ తేదీన నాటి గుంటూరు జిల్లా, నేటి పల్నాడు జిల్లాలోని సత్తెనపల్లిలో జన్మించారు. గాంధీమహాత్ముని ప్రభావంతో యౌవనంలోనే జాతీయోద్యమంలో ప్రవేశించి, ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. ఖద్దరు ధారణ, గ్రంథాలయోద్యమం, వయోజన విద్య వారి ప్రజాజీవితానికి పునాదులు. పలు గ్రంథాలను, కరపత్రాలను రచించారు. ఖద్దరు దుస్తులు, భుజాన వ్రేలాడే సంచి, బస్సు ప్రయాణం, ఎవరినైనా ఆగి పలకరించే అలవాటు వారి రూపానికి గుర్తులుగా నిలిచాయి. గ్రంథాలయోద్యమం వలన వారికి అలవడిన ఒక దృష్టిని ఇక్కడ గమనించాలి. చదువరి లేని పుస్తకం ఎంత విలువైనదైనా బీరువాలోనే ఉండిపోతుంది. ప్రజలకు అందని శాసనం స్థితి కూడా అటువంటిదే.

1952లో మద్రాసు రాష్ట్ర శాసనసభకు సత్తెనపల్లి నుండి ఎన్నికైన వావిలాలవారు, 1955, 1962, 1967 సంవత్సరాలలో కూడా అదే స్థానం నుండి విజయం సాధించారు. ఈ కాలంలో సభ మూడు నగరాలు మారింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడగా మద్రాసు నుండి కర్నూలుకు, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించగా హైదరాబాదుకు చేరింది. మంత్రివర్గాలు మారినా, ప్రభుత్వాన్ని ప్రశ్నించే స్థానంలోనే వావిలాలవారు ఉండిపోయారు.

మంత్రిపదవి లేని సభ్యునికి సభలో ఉండే సాధనాలు పరిమితమైనవి. ప్రశ్నోత్తరాల సమయంలో ప్రశ్న, దానిపై అనుబంధ ప్రశ్న, పద్దులపై కోత తీర్మానం, బిల్లుపై సవరణ, సభాసంఘాలలో విచారణ – ఇవే అతని ఆయుధాలు. పద్దులో వంద రూపాయలు తగ్గించాలని కోరే కోత తీర్మానం వలన ఖజానాకు కలిగే లాభనష్టాలు లేవు. ఆ వంద రూపాయల మిషతో ఒక ఊరి చెరువును గురించి, ఒక కార్యాలయపు జాప్యాన్ని గురించి మంత్రిచేత సమాధానం చెప్పించి దానిని అధికార నివేదికలో నమోదు చేయించడమే దాని ప్రయోజనం. ఒకసారి నమోదైన సమాధానం మరుసటి సమావేశంలో క్రొత్త ప్రశ్నకు ఆధారమవుతుంది. ఆనాటి చర్చల సంపుటాలను పరిశీలించేవారికి వావిలాలవారి పేరు పలు సందర్భాలలో తారసపడుతుంది. మంత్రులకు వలె సచివాలయపు యంత్రాంగం తోడులేని సభ్యునికి స్వయంగా సేకరించిన సమాచారమే బలం.

ఇక సాగునీటి విషయం. కృష్ణానదీజలాలను పెన్నకు మళ్లించి దక్షిణానికి తీసుకుపోవాలన్న కృష్ణా–పెన్నా పథకాన్ని నాటి మద్రాసు ప్రభుత్వం ప్రతిపాదించినప్పుడు ఆంధ్రప్రాంతంలో తీవ్ర వ్యతిరేకత ఏర్పడింది. నందికొండ వద్ద ఆనకట్ట నిర్మించాలన్నది ప్రజల కోరిక. ఈ ఉద్యమంలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారి కృషి సుప్రసిద్ధం. వావిలాలవారు కూడా నందికొండ కోసం నిలిచి పనిచేశారు. 1952లో ఖోస్లా సంఘం నందికొండకు అనుకూలంగా నివేదించింది. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్ లాల్ నెహ్రూ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. ఈ రెండు ఘట్టాల నడుమ గడిచిన పన్నెండేండ్లూ వావిలాలవారు శాసనసభ్యులుగా ఉండటం గమనార్హం.

కుడికాలువ అయిన జవహర్ కాలువ పొడవు 203 కిలోమీటర్లు. పల్నాటి భూములను దాటి ప్రకాశం జిల్లాలో దర్శి శాఖా కాలువ వంటి శాఖల ద్వారా అది మెట్టప్రాంతాలకు నీరందిస్తుంది. ఒకప్పుడు వెంకటగిరి సంస్థానం ఏలుబడిలో ఉండి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు నెల్లూరు జిల్లాకు చెందిన దర్శి సీమకు వర్షమే ఆధారం. సాగరు నీరు రావడంతో ఈ సీమలోనూ, పైనున్న గుంటూరు మండలంలోనూ ప్రత్తి, మిరప వంటి ఆరుతడి పైర్లకు ఊతం లభించింది. అయితే కాలువ శాస్త్రంలో ఒక కఠినసత్యం ఉన్నది. తూము దగ్గరి రైతుకు నీరు ముందుగా, సమృద్ధిగా అందుతుంది. చివరి భూమికి ఆలస్యంగా, అరకొరగా చేరుతుంది. ఏది మాగాణి, ఏది ఆరుతడి అన్న నిర్ణయం కాగితంపై జరుగుతుంది. నీరు మాత్రం పల్లాన్ని, పైవారి వాడకాన్ని అనుసరించి పోతుంది. కావున ఆనకట్ట పూర్తయినదన్న ప్రకటనతో ప్రభుత్వం తృప్తి చెందవచ్చునేమో గాని, శాసనసభ్యుడు తృప్తి చెందరాదు. కాలువ చివర నిలిచి చూచినప్పుడే పథకం ఫలితం తెలుస్తుంది.

ఈ న్యాయం భాషకు కూడా వర్తిస్తుంది. దర్శిలోని రైతుకు నీటితీరువను గురించి గాని, భూమి వర్గీకరణను గురించి గాని అందే తాఖీదు అతనికి తెలియని భాషలో ఉంటే, దానిని చదివించుకొనడానికి మరొకరి వాకిటికి పోవలసిందే. అభ్యంతరం చెప్పుకొనే గడువు ఆ లోపల గడిచిపోవచ్చు. పాలనాభాష ప్రశ్నను వావిలాలవారు పౌరుని హక్కుగా భావించడానికి ఇదే కారణం. వారు సభలో తెలుగులోనే మాట్లాడేవారు. రాజ్యాంగం 210వ అధికరణం రాష్ట్రశాసనసభల కార్యకలాపాలకు రాష్ట్ర అధికార భాషను, హిందీని లేదా ఇంగ్లీషును అనుమతిస్తున్నది. సభ్యులు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే అధికార నివేదికలో ముద్రించడం నాటి ఆచారం. అందువలన వారి తెలుగు ప్రసంగాలు తెలుగు లిపిలోనే భావితరాలకు నిలిచాయి.

1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వెలువడింది. తెలుగు రాష్ట్ర అధికార భాష అయింది. ఏ కార్యాలయాలలో, ఏ ప్రయోజనాలకు, ఏ తేదీ నుండి తెలుగును వాడాలన్న విషయం మాత్రం ప్రభుత్వ ప్రకటనలకు విడిచిపెట్టబడింది. ఆనకట్ట కట్టి, పిల్లకాలువలు తర్వాత త్రవ్వవచ్చునన్నట్లుగా ఉన్నది ఈ ఏర్పాటు. హక్కు ఒక రోజున పుట్టింది, అమలు మాత్రం దశలవారీ అయింది. ఈ జాప్యాన్ని తొలగించడానికి 1974లో అధికార భాషా సంఘం ఏర్పాటైనప్పుడు దాని ప్రథమాధ్యక్షులుగా వావిలాలవారు నియుక్తులయ్యారు. అప్పటికి వారు సభ్యులు కారు. సభలో ప్రశ్నించిన విషయాన్నే కార్యాలయాలలో విచారించే అవకాశం ఆ విధంగా లభించింది.

ఈ విచారణలో ఎదురైన సమస్యలు పండితులకు ఆలోచనీయాలు. తెలుగులో వ్రాయడం ఇష్టం లేదని ఏ అధికారీ బాహాటంగా చెప్పడు. తగిన పదాలు లేవంటాడు, టైపు యంత్రాలు చాలవంటాడు, సంక్షిప్తలేఖకులు దొరకరంటాడు. వీనిలో కొన్ని వాస్తవాలు, కొన్ని సాకులు. వాస్తవమైన వానికి పరిష్కారం చూపి, సాకులకు ఆధారం లేకుండా చేయడమే సంఘం చేయవలసిన పని. పదజాల నిర్మాణంలో మరొక చిక్కు ఉన్నది. కరణాలు, మునసబులు తరతరాలుగా వాడిన అడంగలు, జమాబందీ, శిస్తు, పట్టా వంటి మాటలు రైతుకు సుపరిచితాలు. వీని స్థానంలో క్లిష్టమైన సంస్కృతసమాసాలను నిలిపితే ఇంగ్లీషు తాఖీదుకు పట్టిన గతే తెలుగు తాఖీదుకూ పడుతుంది. సంస్కృత వ్యుత్పత్తి క్రొత్త భావాలకు అవసరమే. కాని, వాడుకలో స్థిరపడిన పదాన్ని త్రోసిపుచ్చడానికి అది సాధనం కారాదు.

వావిలాలవారి కృషికి గల పరిమితులను కూడా చెప్పుకొనడం న్యాయం. సంఘానికి సిఫారసు చేసే అధికారమే ప్రధానం. ఆజ్ఞను ఉల్లంఘించిన ఉద్యోగిని శిక్షించే శక్తి దానికి లేదు. క్రింది కార్యాలయాలలో తెలుగు కొంత నిలదొక్కుకొన్నప్పటికీ, సచివాలయంలో, ఉన్నత న్యాయస్థానంలో ఇంగ్లీషు ప్రాబల్యం తగ్గలేదు. 2008లో తెలుగుకు ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించింది. ఆ గౌరవం కూడా కార్యాలయపు దస్త్రాన్ని దానంతటది మార్చజాలదు. వావిలాలవారు లేవనెత్తిన ప్రశ్న ఈనాటికీ పూర్తిగా తీరలేదు.

సభను విడిచిన పిమ్మట కూడా వారి ప్రజాసేవ ఆగలేదు. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం 1966లో చెలరేగిన ఆందోళనలో పాలుపంచుకొన్న ఆ నాయకుడే, ఎనభై అయిదేండ్లు దాటిన వయస్సులో మద్యనిషేధం కోసం ఊరూరా తిరిగారు. 1995 జనవరిలో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం అమలుకు వచ్చింది, 1997లో సడలిపోయింది. శాసనం చేయడం ఒక ఎత్తు, నిలుపుకొనడం మరొక ఎత్తు అన్న సత్యం వారి జీవితంలో మరొకమారు ఋజువైంది. 1992లో భారత ప్రభుత్వం వారిని పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 2003 ఏప్రిల్ 29న వారు పరమపదించారు.

ప్రాచ్యకళాశాలల పరిశోధకులు ఈ జీవితం నుండి ఒక కర్తవ్యాన్ని స్వీకరించవచ్చు. శాసనసభా చర్చల సంపుటాలను ఇంతవరకు రాజకీయ చరిత్రకారులే అధికంగా వినియోగించుకొన్నారు. నీరు, శిస్తు, భూమి, విద్య మొదలైన విషయాలపై సభ్యులు సహజంగా పలికిన తెలుగు వానిలో నిక్షిప్తమై ఉన్నది. మండలాలవారీ పదాలు, పాలనాపరిభాష, వాదనా శైలి – వీనిని ఆ సంపుటాల నుండి క్రమంగా ఏర్చికూర్చితే పరిపాలనకు పనికివచ్చే నిఘంటువు తయారవుతుంది. వావిలాలవారి ప్రసంగాలతో ఆ పని ప్రారంభించడం సముచితం. చివరి భూమికి నీరందినప్పుడే కాలువ సార్థకమైనట్లు, దర్శి రైతు తన తాఖీదును తానే చదువుకొన్నప్పుడే 1966 నాటి శాసనం సార్థకమవుతుంది.