నంబర్లకు లెక్క రాసిన జాన్ పోస్టెల్

మీరు కోరుట్లలో ఉంటే, హైదరాబాద్ నుంచి లాగిన్ అయినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చిందా? పిల్లల్ని నిలదీసే ముందు ఈయన గురించి చదవండి.

జాన్ పోస్టెల్ 1943లో కాలిఫోర్నియాలో పుట్టారు. పొడుగు గడ్డం, కాళ్లకు చెప్పులు, ఎప్పుడూ అదే వేషం. ఇంటర్నెట్ తొలిరోజుల్లో ఏ నంబర్ ఎవరికిచ్చారో రాసిపెట్టే పని ఆయనదే. మన అటెండెన్స్ రిజిస్టర్ లాంటిదే అనుకోండి! 1981లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన నియమాల ప్రకారం ఉండగల నంబర్లు దాదాపు 430 కోట్లు. వాటిని సంస్థలకు ఇచ్చారు గానీ ఊళ్లకు కాదు.

వాడుకలో ఉన్న నంబరైతే, జవాబు రావడానికి పట్టే సమయాన్ని బట్టి దూరం అంచనా వేయొచ్చు. ఎవరూ వాడని నంబర్ అసలు పలకదు. రిజిస్టర్‌లోని కంపెనీ చిరునామా, పక్క నంబర్లు చూసి ఊహించడమే. రేపు అదే నంబర్ సిరిసిల్లలో ఎవరి ఫోన్‌కో వస్తే, పాత ఊహే తెరమీద కనిపిస్తుంది. అందుకే మెసేజ్‌లో ఊరికన్నా ముందు ఫోన్ మోడల్, సమయం చూడండి. మీవి కాకపోతే వెంటనే పాస్‌వర్డ్ మార్చండి.

పోస్టెల్ 1998 అక్టోబర్ 16న, 55 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన కాపాడిన నిల్వ 2011 ఫిబ్రవరిలో ఖాళీ అయింది. భవిష్యత్తు కోసమని పక్కన పెట్టిన 26 కోట్లకు పైగా నంబర్లకు మాత్రం ఇప్పటికీ ఏ ఊరూ లేదు.